రింగు హుక్కు ఎవరు చూశారు? – భూకంపం తర్వాత ప్రభుత్వ బడుల నిర్మాణంపై పాఠకుల ప్రశ్నలు

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. అప్పటి నుంచి పాఠకులు ఎక్కువగా అడుగుతున్నది బడుల గురించే. 2015 భూకంపంలో నేపాల్ ప్రభుత్వ బడులు వేల సంఖ్యలో పోయాయి, వాటిని ప్రజాధనంతోనే తిరిగి కట్టుకున్నారు. ఆ అనుభవం మన ప్రశ్నలు చాలావాటికి జవాబు చెబుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: నేపాల్‌లో ఎన్ని బడులు దెబ్బతిన్నాయి? కట్టడానికి అంత డబ్బు ఎక్కడిది? (రిటైర్డ్ హెడ్మాస్టరు, కరీంనగర్)

2015 ఏప్రిల్ 25న, అక్కడి గడియారం ప్రకారం 11:56కు, 7.8 తీవ్రతతో మొదటిది వచ్చింది. మే 12న 7.3తో ఇంకొకటి. దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఏప్రిల్ 25 శనివారం. నేపాల్‌లో వారాంతపు సెలవు ఆ రోజే కావడంతో బడులన్నీ ఖాళీగా ఉన్నాయి. 2005 అక్టోబరు 8 కూడా శనివారమే. ఆనాడు పాకిస్తాన్ వైపు కశ్మీరులో భూకంపం వచ్చేసరికి ఉదయం 8:50, పిల్లలు తరగతి గదుల్లో కూర్చుని ఉన్నారు. వేల మంది ఆ శ్లాబుల కిందే పోయారు. నేపాల్ బడుల్లో ప్రాణనష్టం తక్కువగా ఉండటానికి కారణం క్యాలెండరే తప్ప కట్టడాల గట్టితనం కాదు.

అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్ని సాముదాయిక విద్యాలయాలంటారు. వాటిలో 25 వేలకు పైగా తరగతి గదులు పూర్తిగా పోయాయి, మరో 22 వేల గదులు పాక్షికంగా దెబ్బతిన్నాయి. తిరిగి కట్టాల్సిన బడులు 7,500 పైచిలుకని తేలింది. పనంతా చూడటానికి జాతీయ పునర్నిర్మాణ ప్రాధికరణం అనే సంస్థను పెట్టారు. అది పని మొదలుపెట్టేసరికి 2015 డిసెంబరు వచ్చేసింది. 2021 డిసెంబరులో దాన్ని మూసేశారు.

డబ్బు ఒక్క చోటి నుంచి రాలేదు. నేపాల్ ఖజానా కొంత పెట్టింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు 20 కోట్ల డాలర్ల అత్యవసర రుణం ఇచ్చింది, అందులో బడులతో పాటు రోడ్లూ ఉన్నాయి. జపాన్ సంస్థ జైకా ఒక్క బడుల కోసమే 1,400 కోట్ల యెన్ల రుణం ఇచ్చింది. మన దేశం 5 కోట్ల డాలర్లు గ్రాంటుగా ఇచ్చి 71 విద్యాసంస్థల నిర్మాణం తీసుకుంది. ఆ పనులకు సాంకేతిక సలహా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సొమ్ము ఇచ్చిన ప్రతివారికీ సొంత టెండరు నిబంధనలు, సొంత లెక్కల పద్ధతి ఉంటాయి. పక్కపక్క ఊళ్లలో రెండు బడులు రెండు రకాల కాగితాలతో నడిచాయి. ఆ రెండిటినీ చూడాల్సిన జిల్లా ఇంజినీరు మాత్రం ఒక్కరే.

ప్రశ్న: కాంట్రాక్టరుకిస్తే మంచిదా, ఊరి కమిటీకిస్తే మంచిదా? నేపాల్‌లో ఏది నయమనిపించింది? (బడి యాజమాన్య కమిటీ – ఎస్‌ఎంసీ – సభ్యుడు, పాడేరు)

రెండూ చేశారు. పెద్ద బడులకు, రెండుమూడు అంతస్తుల కాంక్రీటు భవనాలకు టెండరు పిలిచారు. కొండల్లోని చిన్న బడులకు బడి యాజమాన్య కమిటీ ఖాతాలోకే డబ్బు వేసి, ఆమోదించిన నమూనా ప్లాను చేతికిచ్చి కట్టుకోమన్నారు. కమిటీకిస్తే రవాణా, కూలి తక్కువ పడతాయి. ఊరివాళ్లు రోజూ చూస్తూ ఉంటారు. ఊరి మేస్త్రీలు కొత్త పద్ధతి నేర్చుకుంటారు, రేపు అదే పద్ధతిలో ఇళ్లు కడతారు.

కమిటీ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పుకోవాలి. మొదటిది బినామీ: కమిటీ సంతకాలు చేస్తుంది, పనంతా ఒక చిన్న కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. టెండరు నిబంధనలూ ఉండవు, ఊరి పర్యవేక్షణా ఉండదు. రెండోది లెక్కల భయం: బిల్లులు, పన్ను కోతలు, కొలతల పుస్తకం తెలియని కమిటీ ఆడిట్ అభ్యంతరాలకు బెదిరి పని ఆపేస్తుంది. మూడోది నమూనా ప్లాను: చదును నేలకు గీసిన ప్లానును వాలు మీద కట్టబోతే, రక్షణ గోడ ఖర్చు అంచనాలోనే ఉండదు. గది కోసం వచ్చిన డబ్బు మట్టిని ఆపడానికే అయిపోతుంది.

కాంట్రాక్టరు పద్ధతికి వేరే జబ్బు. అంచనా కంటే బాగా తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్నవాడు ఆ లోటును ఎక్కడ పూడ్చుకుంటాడు? రంగులోనో టైల్సులోనో పూడ్చుకుంటే అందరికీ కనిపిస్తుంది. కాబట్టి కంటికి కనిపించనిచోట, అంటే పిల్లరు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగుల మధ్య దూరంలో, సిమెంటు పాళ్లలో పూడ్చుకుంటాడు.

నేపాల్‌కు ప్రత్యేకమైన ఆలస్యాలూ ఉన్నాయి. 2015 సెప్టెంబరు నుంచి దాదాపు ఐదు నెలలు సరిహద్దు రాకపోకలు స్తంభించి డీజిలు, సిమెంటు, ఇనుము అందలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో కొండ దారులు తెగిపోతాయి. 2017లో కొత్త స్థానిక ప్రభుత్వాలు వచ్చి, బడుల బాధ్యత జిల్లా కార్యాలయాల నుంచి వాటికి మారింది. ఫైళ్లు ఎవరి బల్ల మీదున్నాయో తెలుసుకోవడానికే కొన్నాళ్లు పట్టింది.

ఎవరు కట్టినా సరే, విడతల డబ్బును దేనికి ముడిపెట్టారన్నదే అసలు ప్రశ్న. నేపాల్‌లో ఇళ్లకిచ్చిన 3 లక్షల నేపాలీ రూపాయల్ని మూడు విడతలు చేశారు: ఒప్పందం కాగానే 50 వేలు, పునాది తనిఖీ అయ్యాక లక్షన్నర, గోడలు లేచి తనిఖీ అయ్యాక లక్ష. మన బిల్లింగ్‌లో డబ్బు పూర్తయిన పరిమాణానికి వస్తుంది. అక్కడ తనిఖీకి వచ్చింది. బడికి మూడు తనిఖీలు చాలవు. మేం చెప్పేది ఆరు: పునాది గొయ్యి నేల చూశాక, పునాది ఇనుము కట్టాక, ప్లింత్ బెల్టు (గోడల అడుగున చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీ) ఇనుము కట్టాక, పిల్లరు రింగులు కట్టాక (ప్రతి అంతస్తుకూ), శ్లాబు ఇనుము పరిచాక, చివరగా కిటికీలు, పిట్టగోడ, ట్యాంకు బిగించాక. వీటిలో మొదటి ఐదూ కప్పేస్తే మళ్లీ కనిపించనివే. ఇంజినీరు సంతకం, తేదీ ఉన్న ఫోటో లేకుండా కాంక్రీటు పోయకూడదని ఒప్పందంలోనే రాయించండి. ఇంజినీరు రావడానికి ఎన్ని రోజుల గడువో కూడా రాయించాలి, లేకపోతే పని ఆగిందన్న నెపం కమిటీ మీద పడుతుంది.

ప్రశ్న: పాత బడిని కూలగొట్టకుండా బలపరచవచ్చంటారు. అది నమ్మదగిందేనా? (ఉపాధ్యాయురాలు, ఖమ్మం)

నమ్మవచ్చు, పరీక్ష కూడా జరిగిపోయింది. ఖాట్మండు లోయలో 2015కు ముందే బలపరిచిన బడి భవనాలు నూట అరవై దాకా ఉన్నాయి. భూకంపానికి అవి నిలిచాయి. ఈ పని అక్కడ 1990ల చివర్లోనే భక్తపూర్ జిల్లా నాంగ్‌ఖేల్‌లోని భువనేశ్వరి బడితో మొదలైంది. ఊరి మేస్త్రీలకు పని నేర్పిస్తూనే ఆ బడిని బలపరిచారు.

ఇటుక గోడల ఒకటి, రెండు అంతస్తుల బడికి పద్ధతి ఇదీ. తలుపులు, కిటికీల పైభాగంలో గోడ చుట్టూ, మూలల్లో నిలువుగా, సుమారు అడుగున్నర వెడల్పు పట్టీల (వీటినే బెల్టులంటారు) మేర పాత ప్లాస్టరింగు కొట్టేస్తారు. ఇటుకల సందుల్లో మాలును 20 మి.మీ. లోతు గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, నీళ్లతో కడుగుతారు. సిమెంటు పాలు పూసి, 1:3 సిమెంటు-ఇసుక మాలు 15 మి.మీ. మందం వేస్తారు. అది పచ్చిగా ఉండగానే వెల్డు చేసిన ఇనుప జాలిని 150 మి.మీ. మేకులతో అడుగుకొకటి చొప్పున బిగిస్తారు. దాని మీద మళ్లీ 15 మి.మీ. మాలు. తర్వాత కనీసం రెండు వారాలు తడపాలి. భారతీయ ప్రమాణం (ఐఎస్) 13935లో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

చెడేది ఎక్కడ? సందులు గీకకుండా నున్నటి గోడ మీదే జాలి పెడితే అది ప్లాస్టరింగుతో సహా పెచ్చుగా ఊడొస్తుంది. జాలిని మూల దగ్గర ఆపేసినా పని వృథా. ఒక గోడ నుంచి పక్క గోడకు మలుపు తిరిగి పోవాలి, ఎందుకంటే బెల్టు పనే రెండు గోడల్ని విడిపోకుండా పట్టడం. గోడకు ఒకవైపే వేసి చేతులు దులుపుకోవడం ఇంకో పొరపాటు. గోడ రెండు పొరల రాతిదైతే, మధ్యలో అక్కడక్కడ రంధ్రం చేసి ఇనుప కడ్డీ దింపి కాంక్రీటుతో నింపే పని కూడా ఉంటుంది, లేకపోతే బయటి పొర ఒక్కటే ఉబ్బి రాలుతుంది.

మట్టి మాలుతో కట్టిన, నిట్టనిలువునా చీలిన గోడలకు ఇది వర్తించదు. పునాది కుంగినదానికీ అంతే. అలాంటివి పడగొట్టి కట్టాల్సిందే.

ప్రశ్న: మా బడి కాంక్రీటు పిల్లర్లతో కట్టినదే. ఇక భయం లేనట్టేనా? (పేరెంట్, విజయవాడ)

పిల్లర్లుంటే చాలదు. భూకంపంలో కూలిన కాంక్రీటు బడులన్నిటికీ పిల్లర్లున్నాయి.

బడి భవనాలకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది, ఇంజినీర్లు దాన్ని పొట్టి పిల్లరు అంటారు. తరగతి గదికి వెలుతురు కావాలి కాబట్టి పిల్లరు నుంచి పిల్లరు దాకా పొడవాటి కిటికీ పెడతాం. దాని కింద సగం గోడ కడతాం. ఆ గోడ పిల్లరును అతుక్కుని ఉంటుంది. భూమి ఊగినప్పుడు పిల్లరు కింది భాగాన్ని గోడ కదలనివ్వదు, పైభాగం మాత్రమే వంగాలి. పిల్లరు ఎంత పొట్టిదైతే అంత బిర్రుగా మారుతుంది, అదీ ఎత్తు ఘనాన్ని బట్టి. 3 మీటర్ల పిల్లరుకు 90 సెం.మీ. గోడ అతుక్కుంటే అది దాదాపు 3 రెట్లు బిర్రవుతుంది. మీటరున్నర గోడ అయితే 8 రెట్లు, 2 మీటర్ల గోడ కట్టి పైన వెంటిలేటరు వదిలితే 27 రెట్లు. శ్లాబు అన్ని పిల్లర్లనూ ఒకే మేర తోస్తుంది కాబట్టి ఆ బిర్రు పిల్లరే మిగతావాటి భారం కూడా లాక్కుంటుంది. దానికి అంత శక్తి ఇవ్వలేదు కదా. కిటికీ పక్కన ఐమూలగా, గుణకారం గుర్తులా పగులుతుంది. వరండా వైపు గోడ లేని పిల్లర్లు చెక్కుచెదరకుండా నిలబడి, కిటికీ వైపువి చితికిపోవడం చాలా దేశాల బడుల్లో కనిపించిన దృశ్యమే.

కొత్త భవనమైతే కిటికీ గోడకూ పిల్లరుకూ మధ్య సందు వదిలి, మెత్తటి పదార్థంతో నింపాలి. గోడ బయటికి పడకుండా దానికి విడిగా ఊతం ఇవ్వాలి. లేదంటే ఆ పిల్లరుకు కింది నుంచి పై దాకా రింగులు దగ్గరదగ్గరగా కట్టాలి. ఇప్పటికే ఉన్న భవనంలో, పిల్లరుకు రెండు వైపులా కిటికీలో కొంత భాగాన్ని శ్లాబు దాకా గోడగా మూసేయడం ఒక దారి. కొంచెం వెలుతురు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక రింగులు. ఐఎస్ 13920 ప్రకారం రింగు హుక్కు 135 డిగ్రీలు వంగి, కొస లోపలి కాంక్రీటులోకి కనీసం 65 మి.మీ. దిగాలి. మన మేస్త్రీలకు అలవాటైంది 90 డిగ్రీలు, ఎందుకంటే అలా వంచడం తేలిక. భూకంపంలో బయటి కాంక్రీటు పెచ్చు రాలగానే 90 డిగ్రీల హుక్కు విచ్చుకుంటుంది. రింగు విచ్చుకుంటే నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు కూలుతుంది. 300 మి.మీ. చదరపు పిల్లరుకు కింద, పైన కొసల దగ్గర కనీసం 450 మి.మీ. మేర రింగుల మధ్య దూరం 75 మి.మీ. మించకూడదు. నాలుగు వేళ్లు పెట్టి చూడండి, అంత సందే ఉండాలి. బీము, పిల్లరు కలిసే ముడిలో కూడా రింగులు ఉండాలి. అక్కడ కడ్డీల గుంపు మధ్య చెయ్యి దూరదని వదిలేస్తారు, ముందే ఎక్కించుకోకపోతే తర్వాత ఎవరివల్లా కాదు. కడ్డీ అతుకు శ్లాబు మీద నుంచి కాకుండా పిల్లరు మధ్య భాగంలో రావాలి. ఇది కూడా మన దగ్గర తిరగేసి చేసే పనే. శ్లాబు పైకి అడుగున్నర కడ్డీ వదిలి అక్కడే అతుకు వేయడం మేస్త్రీకి సులువు, పిల్లరుకు మాత్రం అది అతి బలహీనమైన చోటు.

ప్రశ్న: ఏజెన్సీలో ఒకే గది బడి. పిల్లర్లు అక్కర్లేదు, ఇటుక గోడలు చాలంటున్నారు. ఎలా కట్టాలి? (సర్పంచ్, చింతూరు మండలం)

సరైన మాటే అన్నారు. ఒక అంతస్తు బడికి మంచి ఇటుక గోడ, బెల్టులు చాలు. అరకొర పిల్లర్ల కంటే అదే క్షేమం.

2016 నాటి ఐఎస్ 1893 పటంలో గోదావరి లోయ వెంట భద్రాచలం వైపు, అలాగే కృష్ణా, గుంటూరు, ఒంగోలు ప్రాంతాలు 3వ భూకంప మండలంలో ఉన్నాయి, హైదరాబాద్ 2లో ఉంది (అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ). 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలు కదలడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బడి అంటే మామూలు ఇంటికంటే ఒక మెట్టు పైన లెక్క, డిజైన్ బలాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. ఐఎస్ 4326 పట్టికల్లో కూడా 3వ మండలంలోని బడి ఒక వర్గం పైకి వెళ్తుంది. ఆ వర్గానికి వర్తించేవి చెబుతాం.

మాలు 1:4కు తగ్గకూడదు. తలుపులు, కిటికీలన్నీ కలిపి గోడ పొడవులో సగం మించకూడదు. మూల నుంచి మొదటి కిటికీకి కనీసం 450 మి.మీ., రెండు కిటికీల మధ్య గోడ కనీసం 560 మి.మీ. ఉండాలి. ప్రతి మూలలో పునాది నుంచి శ్లాబు దాకా ఒక 10 మి.మీ. కడ్డీ నిలువుగా పోవాలి. దాని చుట్టూ ఇటుకల మధ్య గూడు వదిలి కాంక్రీటు నింపుతూ రావాలి. గోడ కట్టాక గాడి కొట్టి పెడతామంటే ఒప్పుకోకండి.

ప్రాణం బెల్టుల్లో ఉంది. ప్లింత్ దగ్గర ఒకటి, లింటెల్ ఎత్తున ఒకటి తప్పనిసరి. పైన కాంక్రీటు శ్లాబు కాకుండా రేకులో పెంకులో అయితే గోడ తలమీద ఇంకొకటి, ముక్కోణపు గోడ ఉంటే దాని వాలు వెంట మరొకటి. బెల్టు 75 మి.మీ. మందం, గోడంత వెడల్పు. 7 × 6 మీటర్ల గదికి రెండు 12 మి.మీ. కడ్డీలు, 150 మి.మీ.కు ఒకటి చొప్పున 6 మి.మీ. అడ్డకడ్డీలు. తొమ్మిదంగుళాల గోడ మీద అలాంటి బెల్టు ఒకటి గది చుట్టూ తిరగడానికి దాదాపు 60 కిలోల ఇనుము, అర ఘనపు మీటరుకు కాస్త తక్కువ కాంక్రీటు, అంటే నాలుగు బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం గది అంచనాలో ఇది చిన్న అంకె. అయినా అంచనా తగ్గించమనగానే ముందు ఎగిరిపోయేది ఇదే, "కిటికీల మీద లింటెల్ వేస్తున్నాం కదా" అంటారు. కిటికీ మీద ఆగిపోయిన లింటెల్ బెల్టు కాదు. తాడు ముడి పడాలంటే చుట్టూ తిరిగి రావాలి. మూలల్లో కడ్డీలు ఎల్ ఆకారంలో వంగి పక్క గోడలోకి సుమారు 50 రెట్ల వ్యాసం, అంటే రెండడుగులు, పోయి అతుక్కోవాలి.

ప్రశ్న: మన దగ్గర భూకంపం వస్తే బడి కట్టడానికి ఏ పద్దు నుంచి డబ్బు అడగాలి? (ఎంపీటీసీ, ఏటూరునాగారం)

15వ ఆర్థిక సంఘం 2021–26కు రాష్ట్ర విపత్తు నిధిని భాగాలుగా విడదీసింది. మొత్తంలో 40 శాతం తక్షణ సహాయం, 30 శాతం పునరుద్ధరణ, పునర్నిర్మాణం, 10 శాతం సన్నద్ధత, మిగతా 20 శాతం ముందస్తు నష్ట నివారణ. రెండు తెలుగు రాష్ట్రాల్లో విపత్తు సహాయ నిధికి కేంద్రం వాటా 75 శాతం. తక్షణ సహాయం పద్దులో బడికి వచ్చేది చిన్న మరమ్మతు సొమ్మే, కొత్త గది రాదు. కొత్త గదికి పునర్నిర్మాణం పద్దులోనూ, సమగ్ర శిక్షా అనే బడుల పథకంలోనూ అడగాలి (అందులో కేంద్రం 60, రాష్ట్రం 40). భూకంపం రాకముందే పాత బడిని బలపరచాలంటే నివారణ పద్దు. అర్జీలో పద్దు పేరు తప్పు రాస్తే ఆ కాగితం తిరిగొచ్చేసరికి ఏడాది పోతుంది.

అర్జీతో పాటు ఇంజినీరు నష్ట నివేదిక, గదివారీగా పగుళ్ల ఫోటోలు (పక్కన స్కేలు పెట్టి), స్థలం బడి పేరున ఉన్నట్టు పత్రం జతచేయండి. ఆ చివరిదే ఎక్కువ పీడిస్తుంది. దాత నోటిమాటగా ఇచ్చిన స్థలంలో నడిచే బడులు మన దగ్గర కొల్లలు.

అంచనా వేయించేటప్పుడు శిథిలాల తొలగింపు, నేల పరీక్ష, రక్షణ గోడ, మరుగుదొడ్లు, కరెంటు విడివిడిగా పెట్టించండి. ఒకటి మరిచినా ఆ డబ్బు ఇనుములోంచే పోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో గుజరాత్‌లో 971 మంది విద్యార్థులు, 31 మంది టీచర్లు చనిపోయారు. 1,884 బడి భవనాలు కూలాయి, 11,761 దెబ్బతిన్నాయి. అంత సంఖ్యలో పని పడితే రాష్ట్రం మొత్తంలో ఉన్న ఇంజినీర్లు, మేస్త్రీలు చాలరు. మీ బడి వరుసలో ఎక్కడుంటుందన్నది ఆ కాగితాల మీదే ఆధారపడుతుంది.

ప్రశ్న: కొత్త గది వచ్చేదాకా పిల్లలు ఎక్కడ కూర్చోవాలి? (అంగన్‌వాడీ టీచరు, పోలవరం)

నేపాల్‌లో 2015 మే 31న బడులు తెరిచారు. వెదురు, రేకు, తార్పాలిన్ పాకల్లో చదువు చెప్పారు. పాక వేసేటప్పుడు పగిలిన భవనానికి కనీసం దాని ఎత్తంత దూరం, వీలైతే ఒకటిన్నర రెట్ల దూరం వదలండి. పాత బడి ప్రహరీ పక్కన అసలు వద్దు. రేకు కింద మధ్యాహ్నం కూర్చోలేరు కాబట్టి పైన గడ్డి పరచండి, గోడలకు పైన అడుగు మేర ఖాళీ వదలండి. వెదురు నిట్రాడను నేలలోకి రెండడుగులైనా దించాలి, గాలివానకు లేచిపోయే ప్రమాదం ప్రకంపన కంటే దగ్గరిది. తాత్కాలిక పాక మూడేళ్లు ఉంటుందనుకునే వేయండి.

ప్రశ్న: మా పిల్లలు చదివే కాలిఫోర్నియా ప్రభుత్వ బడిని ఫీల్డ్ చట్టం ప్రకారం కట్టారంటారు. అదేమిటి? (పాఠకుడు, శాన్ హోసే)

1933 మార్చి 10 సాయంత్రం 5:54కు లాంగ్ బీచ్‌లో 6.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 70 బడులు నేలమట్టమయ్యాయి, మరో 120 బాగా దెబ్బతిన్నాయి. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయిన వేళ కాబట్టి బతికారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న చట్టం వచ్చింది.

అందులో లెక్కల కంటే గట్టిది పర్యవేక్షణ. డిజైన్ అర్హత ఉన్న ఇంజినీరో ఆర్కిటెక్టో చేయాలి. రాష్ట్ర ప్రభుత్వ విభాగం ఆ డ్రాయింగులను విడిగా తనిఖీ చేసి ఆమోదించాకే పని మొదలవ్వాలి. కడుతున్నన్నాళ్లూ అక్కడే ఉండి చూసే ఇన్‌స్పెక్టరు ఉంటాడు. అతనికి జీతమిచ్చేది బడి జిల్లా, కాంట్రాక్టరు కాదు. చివరికి డిజైనరు, ఇన్‌స్పెక్టరు, కాంట్రాక్టరు ముగ్గురూ పని ప్లాను ప్రకారమే జరిగిందని బాధ్యత వహిస్తూ సంతకాలు చేయాలి. ఈ చట్టం ప్రభుత్వ బడులకు. ప్రైవేటు బడులు దీని కిందికి రావు.

మన దగ్గర ఒక అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చేతిలో ఒకేసారి ఇరవై, ముప్పై పనులు ఉండటం మామూలు. అతను ప్రతి శ్లాబుకూ రాలేడు, రాలేదని తిట్టి లాభం లేదు. పునర్నిర్మాణ ప్యాకేజీలో సిమెంటు, ఇనుముతో పాటు సైటు మీద ఉండే సూపర్‌వైజరు జీతం కూడా ఒక పద్దుగా ఉండాలని అడగడం మేలు.

ప్రశ్న: ఇంజినీరు లేనప్పుడు నేను, మా టీచర్లు సైటులో ఏం చూడగలం? (హెడ్మాస్టరు, మణుగూరు)

చాలా చూడగలరు. నీళ్ల డబ్బా ముందు. ఎం20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 30 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఆ తడీ ఇందులో లెక్కే. తేలిగ్గా జారాలని కూలీలు బకెట్‌తో గుమ్మరిస్తారు. కొలత డబ్బా మీద గీత పెట్టించి, ఒక టీచరును అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కాంక్రీటును వైబ్రేటరుతో కుదిపించాలి, ముఖ్యంగా పిల్లరు అడుగున. కడ్డీతో పొడిస్తే సరిపోదు. ఆ రోజు రెండో వైబ్రేటరు లేకుండా మొదలెట్టనివ్వకండి, ఉన్న ఒక్కటీ మధ్యలో ఆగిపోవడం మామూలే.

కాంక్రీటు బలం పరీక్షించే క్యూబులు మీ కళ్లముందు పోయించండి. 150 మి.మీ. అచ్చులు, నమూనాకు మూడు. 5 ఘనపు మీటర్ల దాకా ఒక నమూనా, 15 దాకా రెండు, 30 దాకా మూడు. తేదీని తడి కాంక్రీటు మీదే గీయండి, కాగితం అంటిస్తే మారుతుంది. 28 రోజుల ఫలితం ప్రయోగశాల నుంచి నేరుగా మీకొక కాపీ రావాలి.

తడపడం కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే 10 రోజులు, మన ఎండల్లో రెండు వారాలంటే మంచిది. పిల్లర్లకు గోనె చుట్టి తడపండి. శ్లాబు మీద మడవ కట్టి నీళ్లు నిలిపి పిల్లర్లను ఎండగట్టడం మన దగ్గర పరిపాటి. సెంట్రింగు విప్పే తొందరలో జాగ్రత్త: నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు కింద ఊతకర్రలు 7 రోజులు, అంతకు మించితే 14. బీములకు 6 మీటర్ల దాకా 14, ఆపైన 21 రోజులు. సెంట్రింగు సామాను అద్దె రోజుకింత కాబట్టి ఐదో రోజే తీసుకెళ్లిపోతారు. ఆ అద్దె ఎన్ని రోజులకో ఒప్పందంలో రాసి ఉంటే గొడవ ఉండదు.

భవనం చేతికొచ్చాక మీ పని ఇంకొంచెం ఉంది. బీరువాలను, పుస్తకాల అరలను ఎల్ క్లాంపులతో గోడకు బిగించండి. వాటిని తలుపు పక్కన పెట్టకండి, పడితే దారి మూసుకుపోతుంది. తరగతి తలుపులు బయటికి తెరుచుకోవాలి. ల్యాబులో ఆసిడ్ సీసాలు కింది అరలో, అర అంచుకు అడ్డపట్టీ వేసి ఉంచండి. శ్లాబు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని వట్టి ఇటుకల మీద కూర్చోబెట్టకుండా, పిల్లరు నెత్తిన కట్టిన దిమ్మెకు ఇనుప పట్టీతో బిగించండి, మెట్ల మీదికి వచ్చేచోట మాత్రం పెట్టకండి.